పెట్టెను పరీక్షించిన తీరు

సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు సూట్‌కేసుల ఫ్యాక్టరీలో మెట్ల మీది నుంచి ఒక పెట్టె కింద పడింది. పడేసినవాడు ఫ్యాక్టరీ పరీక్షకుడు. పెట్టె నేలను తాకగానే ఆయన పై మెట్టు మీది నుంచి వంగి, "అయ్యో, దెబ్బ తగిలిందా?" అని అడిగాడు.

ఆ సమయంలో మెట్ల కింద ఇద్దరున్నారు. ఒకరు మేనేజరు. రెండో మనిషి పెట్టెలను అట్టడబ్బాల్లో సర్దే ఆవిడ. ఫ్యాక్టరీలో అందరూ ఆమెను ప్యాకింగక్క అంటారు.

"నాకేం తగల్లేదండీ" అన్నాడు మేనేజరు.

"మిమ్మల్ని కాదు సార్, పెట్టెని అడుగుతున్నాడు" అంది ప్యాకింగక్క.

పరీక్షకుడు ఆ మాటను ఖండించలేదు. కిందికి దిగి వచ్చి పెట్టె మూలలు చేత్తో తడిమి చూశాడు. పెట్టెకు ఏమీ కాలేదు.

ఆ ఫ్యాక్టరీలో ఒక పద్ధతి ఉంది. కొత్త మోడల్ తయారైనప్పుడు ఒక పెట్టెను పరీక్షకుడికి అప్పగిస్తారు. ఆయన దాన్ని పడేస్తాడు, ఈడుస్తాడు, నీళ్ళలో ముంచుతాడు, మీద కూర్చుంటాడు. అంతా అయ్యాక పెట్టె ముందు నిలబడి, దాని పట్ల తాను ఎలా ప్రవర్తించాడో ఒక్క ఇంగ్లిషు మాటలో చెప్పాలి. ఆ మాటను ట్యాగు మీద ముద్రించి ప్రతి పెట్టె పిడికీ కడతారు. "ఈ పెట్టెను పరీక్షించిన తీరు" అని ఉండి, పక్కన ఆ మాట ఉంటుంది. ఫ్యాక్టరీ పెట్టిన పెద్దాయన చేసిన ఏర్పాటు అది. పరీక్షకుడే చెప్పాలి, జరిగినదే చెప్పాలి, మిగతావాళ్ళు కల్పించుకోకూడదు అని ఆయన నియమం. పెద్దాయన పోయినా నియమం పోలేదు.

ఇప్పటి పరీక్షకుడు వచ్చాక ట్యాగుల మీద పడిన మాటలు ఇవి: ఫెయిర్, డీసెంట్, పొలైట్. ఒకసారి జ్వరంతో పనికి వచ్చి, పెట్టె మీద కూర్చుని, లేవలేక, "టయర్డ్" అన్నాడు. అదీ ముద్రించారు. ఆ మోడల్ పెట్టెలు ఇప్పటికీ గోడౌన్లో ఉన్నాయి.

ఆ సోమవారం ఉదయం, పెట్టె పడడానికి కాస్త ముందు, ఒక కొనుగోలుదారు ఫోను చేశాడు. ఆయనకు చాలా ఊళ్ళలో దుకాణాలున్నాయి. పెట్టెలు నచ్చాయన్నాడు. ట్యాగు నచ్చలేదన్నాడు.

"పొలైట్‌గా పరీక్షించిన పెట్టెని ఎవడు కొంటాడండీ? విమానాశ్రయంలో నా పెట్టెని ఇంతవరకూ ఎవడూ పొలైట్‌గా విసరలేదు. నాకు రూత్‌లెస్ అన్న మాట కావాలి. శుక్రవారం వస్తాను. మీ పరీక్షకుడి నోటితోనే వింటాను."

మేనేజరు ఫోను పెట్టేసి నేరుగా పరీక్ష గదికి వచ్చాడు. మెట్ల మీది నుంచి పెట్టె పడింది ఆయన సమక్షంలో, ఆయన కోరిక మీదే.

"రూత్‌లెస్ అంటే ఏంటి సార్?" అని పరీక్షకుడు అడిగాడు.

"జాలి, దయ, కనికరం లేకుండా అని."

"మూడూ ఉండకూడదా?"

"మూడూ."

"కనికరం ఒక్కటి ఉంచుకుంటాను సార్. మిగతా రెండూ వదిలేస్తాను."

"ఇదేమన్నా సంతలో బేరమా అండీ? సరే, చేయడం మీవల్ల కాకపోతే పోనీయండి. ఆ మాట అనేయండి. ఒక్క మాటేగా!"

"చేయకుండా ఎలా అంటాను సార్? ట్యాగు చూసి ఎవరో నమ్ముతారు. నమ్మి బస్సు మీదికి విసురుతారు. అది కాస్తా పగిలిపోతే, లోపల వాళ్ళ బట్టలుంటాయి కదా సార్."

మేనేజరు కాసేపు నుదురు రుద్దుకున్నాడు. తర్వాత చెప్పినదాన్ని ప్యాకింగక్క కూడా విన్నది. శుక్రవారంలోగా పరీక్షకుడు ఆ మాట అనగలిగే స్థితికి రావాలి. రాలేకపోతే ఇనుప చెయ్యి ఉన్న యంత్రం ఒకటి తెప్పిస్తారు. యంత్రానికి నోరు లేదు కాబట్టి మాట మేనేజరే చెబుతాడు. పరీక్షకుడికి గేటు దగ్గర కుర్చీ వేస్తారు.

"గేటు దగ్గర ఏం చేయాలి సార్?"

"వచ్చేపోయేవాళ్ళకి నమస్కారం పెట్టాలి. అది మీకు బాగా వచ్చు."

పరీక్షకుడు గదిని చూసుకున్నాడు. మెట్లు, ఇసుక బస్తాలు, నీళ్ళ తొట్టి, పెట్టెను ఈడ్చడానికి గచ్చు మీద పరిచిన కంకర. ఆ కంకరలో మరీ మొనదేలిన రాళ్ళను ఆయనే ఎప్పుడో ఏరి పారేశాడు. ఆ సంగతి మేనేజరుకు తెలియదు.

సోమ, మంగళవారాలు ప్రయత్నాలు జరిగాయి. పెట్టెను కాలితో తన్నమని మేనేజరు చెప్పాడు. పరీక్షకుడు బూటు విప్పి తన్నాడు. బొటనవేలు వాచింది. మీకు పడని మనిషి ఎవరినైనా తలుచుకుని కొట్టండి అని ప్యాకింగక్క సలహా ఇచ్చింది. పరీక్షకుడు కళ్ళు మూసుకుని తలుచుకోవడం మొదలుపెట్టాడు. టీ వచ్చింది, చల్లారింది.

"దొరికాడా అన్నయ్యా?"

"ఎదురింటాయన దొరికాడమ్మా. పొద్దున్నే హారన్ కొడతాడు. కానీ మొన్న మా ఆవిడకి ఒంట్లో బాగాలేకపోతే ఆయనే కారులో తీసుకెళ్ళాడు."

"ఇంకెవరూ లేరా?"

"మేనేజరుగారిని తలుచుకుందామనుకున్నాను. బాగుండదని మానేశాను."

"అన్నయ్యా, నువ్వు పెట్టెని కొట్టేలోపు ఆ పెట్టే లేచి నిన్ను కొడుతుంది" అని ఆమె డబ్బాలు సర్దుకోవడానికి వెళ్ళిపోయింది.

మంగళవారం సాయంత్రం పరీక్షకుడు మేనేజరు దగ్గర అనుమతి తీసుకుని కొత్త మోడల్ పెట్టెను ఇంటికి తెచ్చాడు. నలుగురూ చూస్తుంటే చెయ్యి రావడం లేదని, ఇంట్లో తలుపు వేసుకుని సాధన చేస్తానని చెప్పాడు. పెట్టెను ముందు గదిలో పెట్టి, దాని కింద తుండు పరిచాడు.

"అదెందుకు?" అంది భార్య.

"గచ్చు గీసుకుంటుందని."

"గచ్చా, పెట్టా?"

ఆయన తుండు మడతలు సవరించాడు. జరిగిందంతా చెప్పాడు. ఆవిడ వంటింటి గడపలో నిలబడి విన్నది.

"గేటు దగ్గరైతే మాత్రం ఏం పోయింది? నీడపట్టున కూర్చుంటారు."

"నా తర్వాత ఆ యంత్రం ఏం చేస్తుందో ఎవరు చూస్తారే? మేనేజరు నోటికొచ్చిన మాట ట్యాగు మీద వేయిస్తాడు. ఇన్నాళ్ళూ ఆ ట్యాగు మీద అబద్ధం పడలేదు."

ఆయన చేతిలోకి కూరలు తరిగే పలక తీసుకుని పెట్టెను ఒక దెబ్బ వేసి, దెబ్బ తగిలినచోట తుడిచాడు. కూరల పలక తిరిగి ఇచ్చేటప్పుడు దాన్ని కూడా తుడిచి ఇచ్చాడు.

బుధవారం ఉదయం ఆయన స్నానానికి వెళ్ళిన సమయంలో బావమరిది వచ్చాడు. బావమరిది అంటే భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. పక్క వీధిలో ఉంటాడు. మాట మంచిది, మనసు మంచిది. అడిగి తీసుకోవడం అలవాటు. ఇంతకుముందు ఈ ఇంటి నుంచి గొడుగు పట్టుకెళ్ళి కర్ర తెచ్చాడు. బట్ట ఏదిరా అంటే, "బట్ట గాలికి పోయింది బావా. కర్ర మాత్రం భద్రంగా తెచ్చాను" అన్నాడు. టేబుల్ ఫ్యాను పట్టుకెళ్ళి తెచ్చాక, మీట నొక్కితే రెక్కలు కదల్లేదు, మిగతా ఫ్యానంతా తిరిగింది. నిచ్చెన పట్టుకెళ్ళినప్పుడు తెచ్చినదాన్ని ఇప్పుడు స్టూలుగా వాడుకుంటున్నారు.

పరీక్షకుడు తల తుడుచుకుంటూ వచ్చేసరికి ముందు గదిలో తుండు మాత్రమే ఉంది.

"పెట్టె ఏదే?"

"తమ్ముడు అడిగాడండీ. వాడి స్నేహితుడు ఇల్లు మారుతున్నాడట. సాయంత్రం తెచ్చి ఇస్తానన్నాడు."

"ఇచ్చేశావా?"

"నేను ఊఁ అనేలోపు వీధి చివర ఉన్నాడు. ఏమండీ, తుండు ఎత్తి చూస్తే ఏముంటుంది, కూర్చోండి."

ఆయన కూర్చున్నాడు. ఆ రోజు ఫ్యాక్టరీకి అరపూట సెలవు పెట్టాడు. మధ్యాహ్నం వెళ్ళాడు గానీ ఏమీ పరీక్షించలేదు.

పెట్టె సాయంత్రం ఆరు గంటల ప్రాంతంలో తిరిగి వచ్చింది. బావమరిది దాన్ని నెత్తిన పెట్టుకుని తెచ్చాడు.

"నెత్తినెందుకురా? చక్రాలున్నాయి కదా?"

"మూడున్నాయి బావా. మూడింటి మీద లాగితే అది ఎటు పోవాలనుకుంటే అటు పోతోంది. పాపం, దానికీ ఒక ఆలోచన ఉంది కదా అని మోసుకొచ్చాను."

పరీక్షకుడు దాన్ని దించుకున్నాడు. నీలం రంగు పెట్టె. ఇప్పుడు ఒక వైపు మాత్రమే నీలంగా ఉంది. లాగే పిడి బయటికి వచ్చి ఉంది, లోపలికి పోవడం లేదు. లోపల ఇసుక ఉంది, ఒక చేప పొలుసు ఉంది.

"ఇందులో ఏం పెట్టావురా?"

"మొదట పుస్తకాలు. తర్వాత ఇటుకలు."

"ఇల్లు మారేవాడు ఇటుకలెందుకు పట్టుకెళ్ళాడు?"

"పాతింటివి బావా. వాడికి వాటి మీద మమకారం. తర్వాత లిఫ్టు తలుపు మూసుకోకుండా అడ్డం పెట్టాం. తలుపు దీన్ని కొడుతూనే ఉంది, ఇది పడుతూనే ఉంది. బల్బు మార్చడానికి దీని మీద ఎక్కాం."

"ఎక్కాం అంటే?"

"నేనూ, వాడూ, వాడి మామగారూ. బల్బు ఎత్తులో ఉంది."

"చేప పొలుసు?"

బావమరిది పెట్టెలోకి తొంగి చూశాడు. "అది నాకూ తెలీదు బావా. బట్టలేమన్నా పెట్టుకునేవాళ్ళయితే కొంచెం దులిపి పెట్టుకోండి" అని అక్క ఇచ్చిన మంచినీళ్ళు తాగి వెళ్ళాడు. గ్లాసు పట్టుకుని వెళ్ళాడు.

పరీక్షకుడు పెట్టెను దీపం కిందికి లాక్కుని ఒక్కో భాగం చూశాడు. మూలలు పగల్లేదు. అతుకులు విడలేదు. తాళం వేస్తే పడింది, తీస్తే వచ్చింది. భార్య పక్కన వచ్చి కూర్చుంది.

"వాడికి కోపం లేదే" అన్నాడాయన.

"ఎవరి మీద?"

"పెట్టె మీద. కోపమే కాదు, జాలి లేదు, దయ లేదు, కనికరం లేదు. అసలు ఆ పెట్టె ఒకటి ఉందన్న ధ్యాసే లేదు."

"మా తమ్ముడిని అంతలేసి మాటలనకండి."

"తిట్టడం లేదే. ఇలాంటివాడు దొరకడు."

గురువారం ఈ సంగతి విన్న మేనేజరు కుర్చీలోంచి లేచాడు. శుక్రవారం కొనుగోలుదారు కళ్ళ ముందే బావమరిది చేత ఇంకో పెట్టెను పరీక్ష చేయించాలని నిర్ణయించాడు. బావమరిది వాడి తెచ్చిన నీలం పెట్టెను చూపిస్తే చాలదా అని పరీక్షకుడు అడిగాడు. చాలదన్నాడు మేనేజరు. చూసినవాడు కొంటాడు, విన్నవాడు ఆలోచించుకుంటానంటాడు అన్నాడు.

శుక్రవారం పదకొండు గంటలకు కొనుగోలుదారు వచ్చాడు. వెంట ఆయన సొంత పెట్టె ఉంది. నల్లది, వేరే కంపెనీది. సాయంత్రం విమానం ఉందని చెప్పి దాన్ని పరీక్ష గది తలుపు పక్కన పెట్టి కుర్చీలో కూర్చున్నాడు.

బావమరిది ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు. గది బయట చెప్పులు విప్పాడు. మేనేజరు కొత్త పెట్టె తెప్పించి ఆయన ముందు పెట్టించాడు.

"కానివ్వండి" అన్నాడు మేనేజరు.

బావమరిది పెట్టెను రెండు చేతులా ఎత్తాడు. మెట్లెక్కాడు. అంతే నెమ్మదిగా మెట్లు దిగాడు. పెట్టెను బల్ల మీద పెట్టి జేబురుమాలుతో తుడిచాడు.

"విసరాలండీ!"

"విసిరితే గీతలు పడతాయి సార్."

"పడాలి!"

"ఆఫీసు సొత్తు సార్. నావల్ల గీత పడితే రేపు మా బావకి మాట వస్తుంది."

"మాట రాదు, నేను చెబుతున్నానుగా. తన్నండి."

"అమ్మో. కొత్తది సార్, ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు" అని బావమరిది రెండడుగులు వెనక్కి వేశాడు.

కొనుగోలుదారు చేతి గడియారం చూసుకున్నాడు. "దీన్ని రూత్‌లెస్ అంటారా మీ ఊళ్ళో?" అని అడిగాడు. మేనేజరు మెడ తుడుచుకున్నాడు. గేటు దగ్గర కుర్చీ ఆ ఉదయమే వేయించి ఉంది. కిటికీలోంచి కనిపిస్తోంది. పరీక్షకుడు దాన్ని చూశాడు.

"సార్, వీడికి పరీక్ష చేయడం రాదు" అన్నాడు పరీక్షకుడు.

"మరి ఎందుకు పిలిపించారయ్యా?" అన్నాడు కొనుగోలుదారు.

"వీడు చేసింది పరీక్ష కాదు సార్. అడిగి తీసుకెళ్ళాడు, అంతే. మనం చేయమంటే రాదు. వాడికి పనిపడాలి, వాడే అడగాలి, ఎవరో ఇవ్వాలి."

"ఇవ్వండి మరి!" అన్నాడు మేనేజరు.

"ఇస్తే తీసుకోడు సార్. ఆఫీసుది కదా."

ఈ మాటలు జరుగుతుండగా బావమరిది వెనక తలుపు దగ్గరికి వెళ్ళాడు. ప్యాకింగక్క అక్కడ విరిగిన చెక్కపలకలను పారేయడానికి పోగుచేస్తోంది.

"అక్కా, ఇవి పారేస్తారా?"

"పారేసేవే. కావాలా?"

"మా ఇంట్లో పందిరి వేస్తున్నాను. ఎలా పట్టుకెళ్ళాలా అని." ఆయన చుట్టూ చూశాడు. తలుపు పక్కనున్న నల్ల పెట్టె కనబడింది. "సార్, ఈ పెట్టె మీదేనా? ఒక్క అరగంట ఇస్తారా? ఇప్పుడే తెచ్చేస్తాను."

కొనుగోలుదారు మేనేజరు వైపు తిరిగి, ఆయన చెబుతున్న ఇనుప చెయ్యి యంత్రం సంగతి వింటున్నాడు. ఏదో అడిగారని మాత్రం తెలిసి, "ఆఁ, తీసుకోండి" అన్నాడు. ఈ మాట ఆయన అన్నట్టు ప్యాకింగక్క తర్వాత గట్టిగా చెప్పింది. ఆయన కూడా అన్నానని ఒప్పుకున్నాడు.

పరీక్షకుడు విన్నాడు. "సార్" అని మొదలుపెట్టాడు. అప్పటికే తలుపు పక్కన పెట్టె లేదు.

అరగంట అన్నది గంటన్నర అయింది. తిరిగి వచ్చిన పెట్టె మూత బావమరిది ఒక చేతిలో ఉంది, అడుగు రెండో చేతిలో ఉంది. చక్రాలు జేబులో ఉన్నాయి.

"చక్రాలు పోకుండా ఏరి తెచ్చాను సార్" అన్నాడు బావమరిది.

కొనుగోలుదారు లేచి నిలబడ్డాడు. "ఇందులో నా బట్టలుండాలి."

"ఉన్నాయి సార్. పలకలు పట్టలేదని తీసి సంచిలో పెట్టాను. సంచి చాలా మంచిది."

"సంచి ఏది?"

బావమరిది ఆలోచించాడు. "దారిలో ఒకాయన స్కూటరుకి తగిలించాను. పరిచయస్తుడి స్కూటరే అనుకున్నాను. అదే రంగు."

కొనుగోలుదారు పెట్టె మూత తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. దాని మీద టైరు గుర్తు ఉంది.

"ఇదెవరిది?"

"బస్సుది సార్. మా ఇంటి ముందు దించుకుంటుంటే వెనక్కి వచ్చింది. డ్రైవరు మంచివాడు, దిగి క్షమించమన్నాడు. పర్లేదు, మాది కాదులెండి అన్నాను."

కొనుగోలుదారు పరీక్షకుడి వైపు తిరిగాడు. "ఏమయ్యా, మీ ఫ్యాక్టరీలో చేసినదాన్ని ఒక్క మాటలో చెబుతారటగా. దీన్ని ఏమంటారు?"

పరీక్షకుడు పెట్టె మూత ముందు, పద్ధతి ప్రకారం, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"రూత్‌లెస్ సార్" అన్నాడు.

"మళ్ళీ చెప్పు."

"రూత్‌లెస్."

అప్పుడు పరీక్షకుడు లోపలికి వెళ్ళి బుధవారం నాటి నీలం పెట్టెను తెచ్చి నల్ల పెట్టె ముక్కల పక్కన పెట్టాడు. దీన్ని కూడా ఈ మనిషే తీసుకెళ్ళాడని చెప్పాడు. ఏమేం జరిగిందో వరసగా చెప్పాడు. నాలుగో చక్రం పోయిందని, పిడి లోపలికి పోవడం లేదని, చేప పొలుసు ఎక్కడిదో తేలలేదని కూడా చెప్పాడు. చక్రం, పిడి సరిచేయకుండా ట్యాగు కట్టొద్దన్నాడు. మేనేజరు ఆయన చొక్కా వెనక నుంచి లాగాడు. పరీక్షకుడు ఆగలేదు.

కొనుగోలుదారు నీలం పెట్టెకు తాళం వేశాడు, తీశాడు. మళ్ళీ వేశాడు. దాని మీద ఎక్కి నిలబడ్డాడు. మేనేజరును కూడా ఎక్కమన్నాడు. మేనేజరు ఎక్కాడు. ఇద్దరూ ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని కాసేపు నిలబడ్డారు. ప్యాకింగక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళింది.

పిడి, చక్రాలు మార్చిన తర్వాత పెట్టెలు తీసుకుంటానని కొనుగోలుదారు పెట్టె మీదే నిలబడి చెప్పాడు. ఒక షరతు పెట్టాడు. ట్యాగు మీద మాట ఇకముందు కూడా ఈ పరీక్షకుడే చెప్పాలి, యంత్రం చెప్పకూడదు. సాయంత్రం విమానానికి చేతులూపుకుంటూ వెళ్ళాడు. ఆయన బట్టల సంచి కోసం బావమరిది రెండు వీధులు తిరిగాడు. అదే రంగు స్కూటర్లు చాలా కనబడ్డాయని చెప్పాడు.

బావమరిదికి పరీక్ష గదిలో ఉద్యోగం ఇస్తామని మేనేజరు కబురు పంపాడు. ఉద్యోగమంటే బాధ్యత ఉంటుంది, తనకు వస్తువులతో పని సరిపడదని ఆయన తిరుగు కబురు పంపాడు. గేటు దగ్గరి కుర్చీని లోపలికి తెప్పించి పరీక్షకుడి గదిలో వేశారు.

మరుసటి సోమవారం పిడి, చక్రాలు మార్చిన పెట్టె తయారైంది. పరీక్షకుడు దాన్ని మేనేజరు అనుమతితో ఇంటికి పట్టుకెళ్ళి ముందు గదిలో, అందరికీ కనబడేచోట పెట్టాడు. దాని మీద అంటించిన ఆఫీసు చీటీ పీకేశాడు. తుండు పరచవద్దని భార్య చెప్పింది. ఆయన పరచలేదు. పరచకుండా ఉండడానికి కొంచెం సేపు పట్టింది.

చీకటి పడేముందు బావమరిది వచ్చాడు. గడపలో నిలబడి పెట్టెను చూశాడు.

"కొత్తదా బావా?"

"ఆఁ. మాదే. నీకెందుకురా?"

"ఏం లేదు. రేపు ఒక చిన్న పని పడింది."

"ఇవ్వనురా. పోయినసారి ఏం చేశావో మర్చిపోయావా?"

"బావా, ఒక్క పూట. నీ పెట్టెకి పూచీ నాది."

పరీక్షకుడు భార్య వైపు చూశాడు. ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆయన పెట్టె పిడి మీద చెయ్యి వేసి, తీసి, కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

"జాగ్రత్తగా వాడుకో" అన్నాడు.

బావమరిది పెట్టె తీసుకుని వెళ్ళాడు. మెట్ల మీద అది నాలుగుసార్లు తగిలిన చప్పుడు వినబడింది. ఎప్పుడు తెస్తాడో చెప్పలేదు.